ఈల ఎవరి చేతిలో పెట్టాం?

వానాకాలం వచ్చిందంటే చంద్రపూర్ జిల్లాలో స్కూలు ఫుట్‌బాల్ మొదలు. బల్లార్‌పూర్ పేపర్ మిల్లు చుట్టుపక్కల, బొగ్గు గనుల కాలనీల్లో, భద్రావతి వైపు, రాజురా దాటి తెలంగాణ సరిహద్దు దాకా ఎక్కడ కాస్త చదును నేల దొరికితే అక్కడ రెండు గోల్‌పోస్టులు లేస్తాయి. పొద్దున్నే సున్నంతో గీసిన గీతలు ఒక్క జల్లుకే కొట్టుకుపోతాయి. రెండు స్కూళ్ల పిల్లలు బురదలోకి దిగుతారు. అందరికీ బూట్లు ఉండకపోవచ్చు గానీ, ఒక్కో జట్టుకు ముగ్గురు నలుగురు కోచ్‌లు మాత్రం ఉంటారు. వాళ్లలో అసలు కోచ్ ఒకరే, మిగిలినవాళ్లు నాన్నలూ మేనమామలూ. మధ్యలో ఒక్కడు నిలబడి ఉంటాడు. మెడలో ఈల, చేతికి తన సొంత వాచీ. నిన్నటిదాకా ఏదో ఒక స్కూల్లో పీఈటీ సారు. ఈ పూటకు రిఫరీ.

పది నిమిషాలు తిరక్కుండానే గీత బయటి నుంచి అతని చూపు మీద రెండు భాషల్లో వ్యాఖ్యానం మొదలవుతుంది. ‘చష్మా లావ్ సర్’ అని మరాఠీలో ఒకరు, ‘కండ్లు కనవడ్తలేవా సారూ’ అని తెలుగులో ఇంకొకరు. గనుల్లో, మిల్లులో, రైల్వేలో తరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబాలున్న జిల్లా కదా, తిట్లకు కూడా భాషాభేదం లేదు.

పిల్లల మ్యాచ్‌లలో రిఫరీలు సరిగా ఊదడం లేదన్న ఫిర్యాదు అబద్ధమేమీ కాదు. గోల్‌కిక్ నుంచి నేరుగా బంతి అందుకున్న పిల్లవాడికి ఆఫ్‌సైడ్ ఇవ్వడం, భుజానికి తగిలిన బంతికి పెనాల్టీ ఇవ్వడం, సెంటర్ సర్కిల్ దాటి అడుగు తీసి అడుగు వెయ్యకుండా మ్యాచ్ మొత్తం నడిపెయ్యడం, ఇవన్నీ జరిగేవే. సొంత స్కూలు జట్టు ఆడుతుంటే ఈల కాస్త మెత్తబడే సార్లూ ఉన్నారు. వాళ్లను వెనకేసుకు రావాల్సిన పని ఎవరికీ లేదు. అయితే కేకలు వేసేవాళ్లలో ఒక్కరైనా ఈ మనిషికి రిఫరీ పని ఎవరు నేర్పారు, ఎన్నాళ్లు నేర్పారు, పొద్దుటి నుంచి ఇది ఎన్నో మ్యాచ్ అని అడిగిన పాపాన పోరు. అడిగితే తెలిసేది ఒక్కటే: రిఫరీ పని అనేది మన స్కూలు ఆటల్లో ఒక ఉద్యోగం కాదు, ఒక చదువు కాదు, ఎవరో ఒకరి నెత్తిన పడే బాధ్యత.

ఆ బాధ్యత బరువు మాత్రం తక్కువేమీ కాదు. మహారాష్ట్రలో స్కూలు పోటీలు తాలూకా నుంచి జిల్లాకు, జిల్లా నుంచి విభాగానికి, అక్కడి నుంచి రాష్ట్ర స్థాయికి మెట్లు మెట్లుగా వెళతాయి. చంద్రపూర్ జిల్లాలో 15 తాలూకాలు. ఇక్కడ గెలిచిన జట్టు నాగ్‌పూర్ విభాగంలో ఆడాలి. సుబ్రతో కప్ అయితే ఆ దారి ఢిల్లీ దాకా పోతుంది. భారత వైమానిక దళ అధిపతి సుబ్రతో ముఖర్జీ పేరిట 1960లో మొదలైన ఆ పోటీయే దేశంలో స్కూలు ఫుట్‌బాల్‌కు పెద్ద పండుగ. ఆ దారిలో చాలా మ్యాచ్‌లు నాకౌట్. అంటే ఒక్క తప్పు ఈలతో ఆ ఏడాదికి ఆట ముగిసినట్టే. పైగా మహారాష్ట్రలో పది, పన్నెండు తరగతుల పరీక్షల్లో క్రీడాకారులకు ఆడిన స్థాయిని బట్టి అదనపు మార్కులు కలుపుతారు. రాష్ట్ర ప్రభుత్వోద్యోగాల్లో క్రీడాకారులకు 5 శాతం రిజర్వేషన్ ఉంది. చంద్రపూర్‌లో గని కార్మికుడి కొడుక్కి ఆ సర్టిఫికెట్ గోడకు తగిలించుకునే బొమ్మ కాదు, ఉద్యోగం దరఖాస్తుకు జతచేసే కాగితం.

కాబట్టి గీత బయట నాన్న అరుపు వెనక ఉన్నది ఆట మీద అభిమానమో, కొడుకు మీద ప్రేమో మాత్రమే అనుకుంటే పొరపాటు. లెక్క కూడా ఉంది. ప్రభుత్వం మ్యాచ్ ఫలితానికి మార్కుల్లో, ఉద్యోగాల్లో విలువ కట్టింది. ఆ ఫలితం తేల్చే మనిషిని తయారుచెయ్యడానికి మాత్రం అంత శ్రద్ధ పెట్టలేదు. పదో తరగతి లెక్కల పేపరు దిద్దడానికి లెక్కలు రాని మాస్టారును కూర్చోబెడితే రాష్ట్రమంతా గోల లేస్తుంది. అవే మార్కులు మైదానం దారిన వస్తే ఆ గోల ఒక్క రిఫరీ చెవుల్లోనే మోగుతుంది.

ఒంటరి రిఫరీ ఏం చూడగలడో, ఏం చూడలేడో కాస్త దగ్గరికి వెళ్లి చూస్తే సగం కోపం చల్లారుతుంది. ఆఫ్‌సైడ్‌నే తీసుకుందాం. సహచరుడు బంతిని తన్నిన క్షణాన ఆటగాడు ఎదుటి జట్టు సగంలో ఉండి, బంతి కన్నా, చివరి నుంచి రెండో ప్రత్యర్థి కన్నా గోల్ గీతకు దగ్గరగా ఉంటే అది ఆఫ్‌సైడ్ స్థానం. చూడాల్సింది తన్నిన క్షణాన్ని, అందుకున్న క్షణాన్ని కాదు. ఇప్పుడు బంతి ఉన్నది మధ్య గీత దగ్గర. ముందుకు దూసుకుపోతున్న పిల్లవాడు పాతిక మీటర్ల అవతల. వాడు సెకనుకు ఆరు మీటర్లు ఇటు, వాడిని పట్టిద్దామని డిఫెండరు నాలుగు మీటర్లు అటు పరుగెత్తుతున్నారనుకుంటే, పావు సెకనులో ఇద్దరి మధ్య రెండున్నర మీటర్ల తేడా వస్తుంది. తన్నిన కాలిని చూసి తలెత్తేలోపు అంత సమయం పోతుంది. తలెత్తేసరికి పిల్లవాడు డిఫెండరు వెనక ఉంటాడు. మైదానమంతా ‘ఆఫ్‌సైడ్’ అని అరుస్తుంది. తన్నినప్పుడు వాడు సరైన చోటే ఉన్నాడా? ఆ సంగతి ఒక్క మనిషి రెండు కళ్లకు తెలియదు.

అందుకే ఫుట్‌బాల్ నియమావళి ఇద్దరు అసిస్టెంట్ రిఫరీలను పెట్టింది. వాళ్లు జెండా పట్టుకుని ఆ రెండో డిఫెండరుకు సమానంగా గీత వెంట పరుగెత్తుతుంటారు, రిఫరీ మైదానంలో ఏటవాలుగా తిరుగుతుంటాడు. తాలూకా పోటీలో ఆ జెండాలు ఎవరి చేతిలో ఉంటాయి? రిజర్వ్ బెంచీ మీద ఖాళీగా ఉన్న కుర్రాడి చేతిలో. లేదంటే ఎవరి చేతిలోనూ ఉండవు. ప్రపంచకప్‌లో 2018 నుంచి డజన్ల కొద్దీ కెమెరాలు పెట్టుకుని కూడా ఆఫ్‌సైడ్ తగువులు తీరలేదన్న సంగతి గీత బయట ఎవరికీ గుర్తు రాదు. ఇక్కడ కెమెరా సంగతి దేవుడెరుగు, గీతే మిగల్లేదు.

ఆఫ్‌సైడ్ తప్పయితే గోల్ పోతుంది. కాలిజోడు విషయంలో తప్పయితే కాలు పోతుంది. నియమావళి నాలుగో సూత్రం ప్రకారం బూట్లు, మోకాలి కింద కాలికి రక్షణ పట్టీలు (షిన్ గార్డులు) తప్పనిసరి. గొలుసులు, కడియాలు, చెవిపోగులు, దారాలు తీసెయ్యాలి. పైన టేపు చుట్టి ఆడతామంటే కుదరదు. కాగితం మీద ఇది చాలా తేలిక. చంద్రపూర్‌లో అయితే మ్యాచ్ మొదలు కాకముందే మూడు తగువులకు దారి. మెడలో తాయెత్తు తియ్యమంటే తల్లి ఒప్పుకోదు, అది మహాకాళి గుడిలో కట్టించింది. చెవి పోగు ఊడి రాదు. ఆశ్రమ పాఠశాల నుంచి వచ్చిన జట్టుకు షిన్ గార్డులే లేవు. ఏం చెయ్యాలి? నియమం పట్టుకుంటే అడవి పక్క ఊళ్ల నుంచి పొద్దున్నే బయల్దేరి బస్సులో వచ్చిన పిల్లలు ఆడకుండానే వెనక్కి పోవాలి. వదిలేస్తే ఏ స్టడ్డో తగిలి ఎముక విరిగితే ‘ఆడనిచ్చింది ఎవరు’ అని అడుగుతారు. రిఫరీ చాలాసార్లు వదిలేస్తాడు, అది అతని దయ. ఆ దయకు గొప్ప పేరేమీ రాదు, ప్రమాదం జరిగితే మాత్రం నిందంతా అతనిదే. షిన్ గార్డులు కొనివ్వాల్సిన వాళ్లు ఆ సమయానికి ఆఫీసులో ఉంటారు.

వాతావరణం బరువు కూడా రిఫరీ మీదే. చంద్రపూర్ ఉన్న విదర్భ ప్రాంతపు వానల్లో పిడుగుల భయం ఉంది. ఎండలు కాసే నెలల్లో అయితే చంద్రపూర్ దేశంలోనే అత్యంత వేడి పట్టణాల జాబితాలో కనిపిస్తూ ఉంటుంది. మ్యాచ్ ఆపే అధికారం, నీళ్లు తాగడానికి, ఒళ్లు చల్లబడడానికి విరామం ఇచ్చే అధికారం రిఫరీదే. అతను గోల్ ఇచ్చాడా, ఇవ్వలేదా అన్నదాని కన్నా ఇది ముఖ్యమని పిల్లల తల్లిదండ్రులే మొదట గుర్తించాలి. ఉరుము వినబడగానే ఆట ఆపిన రిఫరీని ‘ఓడిపోతున్న జట్టును కాపాడుతున్నాడు’ అని నిందించే జనం ఉన్నంత కాలం, ఆపాల్సిన చోట కూడా ఆపడానికి అతను సందేహిస్తాడు.

జనం అరుపు తీర్పును మారుస్తుందా? మారుస్తుందని 2002లోనే ఇంగ్లండ్‌లో తేల్చారు. అలన్ నెవిల్, నిగెల్ బామర్, మార్క్ విలియమ్స్ అనే పరిశోధకులు 40 మంది అర్హత ఉన్న రిఫరీలకు ఒక ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లోని 47 ఢీకొట్టుళ్లు వీడియోలో చూపించారు. కొందరికి ప్రేక్షకుల హోరుతో, కొందరికి ఏ చప్పుడూ లేకుండా. హోరు విన్నవాళ్లు సొంత మైదానపు జట్టు మీద 15.5 శాతం తక్కువ ఫౌళ్లు ఇచ్చారు. గదిలో కూర్చుని, కుర్చీలోంచి లేవకుండా, ఎవరూ తమ మీదికి రాని పరిస్థితిలో అది. కరోనా కాలంలో ఖాళీ స్టేడియాల్లో జరిగిన మ్యాచ్‌లను పరిశీలించినవాళ్లకు కూడా ఇదే కనిపించింది. ప్రేక్షకులు లేనప్పుడు బయటి నుంచి వచ్చిన జట్టుకు కార్డులు తగ్గాయి. మరి ఆతిథ్య స్కూలు ఆవరణలో, ఆతిథ్య స్కూలు పిల్లల కేకల మధ్య, అదే స్కూల్లో పనిచేసే సారు ఈల ఊదుతుంటే ఏమవుతుందో లెక్క కట్టడానికి పరిశోధకులు అక్కర్లేదు.

ఈ చిక్కు ఫుట్‌బాల్‌కు మాత్రమే వచ్చింది కాదు, క్రికెట్ దీన్ని ఎప్పుడో ఎదుర్కొంది. సొంత దేశపు అంపైర్ల మీద ఎప్పుడూ నిందలే. 1986లో వెస్టిండీస్ జట్టు పాకిస్థాన్ వచ్చినప్పుడు ఇమ్రాన్ ఖాన్ పట్టుబట్టి బయటి అంపైర్లను తెప్పించాడు. లాహోర్ టెస్టులో నిలబడ్డ ఆ ఇద్దరిలో ఒకరు పీలూ రిపోర్టర్, రెండోవారు మన హైదరాబాద్‌కు చెందిన వి.కె. రామస్వామి. ఇవాళ ఎవరికీ వింతగా తోచని తటస్థ అంపైర్ల పద్ధతికి అదో ముఖ్యమైన మలుపు. 1994 నుంచి ప్రతి టెస్టులో ఒకరు, 2002 నుంచి ఇద్దరూ బయటి దేశం వాళ్లే అయ్యారు. పాకిస్థాన్, వెస్టిండీస్ మ్యాచ్‌కు హైదరాబాద్ నుంచి మనిషి వెళ్లగలిగినప్పుడు, బల్లార్‌పూర్ మ్యాచ్‌కు వరోరా నుంచి, రాజురా మ్యాచ్‌కు బల్లార్‌పూర్ నుంచి రిఫరీ వెళ్లలేడా? ఖర్చు ఎర్ర బస్సు టికెట్టు.

ఈ మాట అనగానే వచ్చే జవాబు తెలిసిందే: మనుషులు లేరు. నిజమే, లేరు. ఎందుకు లేరన్నదే ప్రశ్న. ఒకసారి వచ్చినవాళ్లు రెండో ఏడు రారు. ఆదివారం పూట ఎండలోనో బురదలోనో నాలుగు మ్యాచ్‌లు ఊది, దారి పొడవునా తిట్లు మోసుకుని ఇంటికి వెళ్లినవాడికి మళ్లీ రమ్మని ఏ ముఖంతో చెబుతారు? తిట్లతో ఆగితే అదృష్టం. 2012 డిసెంబరులో నెదర్లాండ్స్‌లోని అల్మెరేలో కుర్రాళ్ల జట్ల మ్యాచ్ ఒకటి జరిగింది. తన కొడుకు ఆడుతున్న జట్టుకు స్వచ్ఛందంగా జెండా పట్టిన రిచర్డ్ న్యూవెన్‌హౌజెన్ అనే 41 ఏళ్ల తండ్రిని, మ్యాచ్ అయ్యాక ఎదుటి జట్టు పిల్లలు కొట్టారు. మర్నాడు ఆయన చనిపోయాడు. ఆరుగురు టీనేజర్లతో పాటు ఒక ఆటగాడి తండ్రికి కూడా కోర్టు శిక్ష వేసింది. ఆయన మరణం తర్వాతి వారాంతంలో ఆ దేశంలో అమెచ్యూర్ ఫుట్‌బాల్ మొత్తం ఆగిపోయింది. 2013 ఏప్రిల్‌లో అమెరికాలోని యూటాలో రికార్డో పోర్తియో అనే రిఫరీ, పసుపు కార్డు చూపించిన పాపానికి 17 ఏళ్ల గోల్‌కీపర్ పిడిగుద్దు తిని వారం తర్వాత మరణించాడు. ఆ కుర్రాళ్లు పుట్టుకతో హంతకులేమీ కాదు. రిఫరీ అంటే ఏమైనా అనదగ్గ మనిషి అని ఏళ్ల తరబడి గీత బయటి నుంచి వింటూ పెరిగారు.

పిల్లలు పెద్దవాళ్ల లీగ్ నుంచి కూడా నేర్చుకుంటారు. 2023 మార్చి 3న బెంగళూరులో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ప్లేఆఫ్‌లో సునీల్ ఛెత్రి తొందరగా తన్నిన ఫ్రీకిక్‌ను రిఫరీ క్రిస్టల్ జాన్ గోల్‌గా ఒప్పుకోవడంతో కేరళ బ్లాస్టర్స్ జట్టు మైదానం విడిచి వెళ్లిపోయింది. కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్‌కు పది మ్యాచ్‌ల నిషేధం, క్లబ్బుకు 4 కోట్ల రూపాయల జరిమానా పడ్డాయి. ఆ జరిమానా సంగతి ఎంతమంది పిల్లలకు గుర్తుందో గానీ, కోపం వస్తే జట్టును బయటికి పిలుచుకుపోవచ్చన్న పాఠం మాత్రం అందరికీ అందింది.

మరి రిఫరీ అసలే లేకుండా పిల్లలు ఆడగలరా? ఈ ప్రశ్నకు జవాబు చంద్రపూర్‌కు దాదాపు 150 కిలోమీటర్ల దూరంలో, నాగ్‌పూర్‌లో ఉంది. హిస్లాప్ కాలేజీలో వ్యాయామ శిక్షకుడిగా పనిచేసిన విజయ్ బార్సే, వానలో పగిలిన ప్లాస్టిక్ బకెట్టును తన్నుతూ ఆడుతున్న బస్తీ పిల్లలను చూసి 2001లో మొదలుపెట్టిన పని స్లమ్ సాకర్‌గా పెరిగింది. నాగరాజ్ మంజులే తీసిన ‘ఝుండ్’ సినిమాలో 2022లో అమితాబ్ బచ్చన్ పోషించిన పాత్రకు మూలం ఆయనే. సినిమాలో కనిపించని ఒక సంగతి ఇక్కడ మనకు కావాలి. స్లమ్ సాకర్ వాడే పద్ధతుల్లో ‘ఫుట్‌బాల్-3’ ఒకటి. పేరులోని మూడు అంటే మూడు భాగాలు. మొదటి భాగంలో రెండు జట్ల పిల్లలూ కలిసి కూర్చుని ఇవాళ్టి నియమాలు తామే తేల్చుకుంటారు. రెండో భాగం ఆట. మూడో భాగంలో మళ్లీ కూర్చుని, ఎవరు మాట నిలబెట్టుకున్నారు, ఎవరు తొండి చేశారు అని మాట్లాడుకుని ఒకరికొకరు మంచి నడవడికి పాయింట్లు ఇచ్చుకుంటారు. ఆ పాయింట్లు గోల్స్‌తో కలుస్తాయి. మధ్యలో రిఫరీ ఉండడు. తగువు ముదిరితే మాట కలిపే మధ్యవర్తి మాత్రం ఉంటాడు.

ఈ పద్ధతి పుట్టిన చోటు కొలంబియాలోని మెడెయిన్. 1994 ప్రపంచకప్‌లో సొంత గోల్ చేసుకున్న ఆండ్రెస్ ఎస్కోబార్‌ను అదే ఏడాది జులై 2న ఆ నగరంలో కాల్చి చంపాక, యుర్గెన్ గ్రీస్‌బెక్ అనే జర్మన్ ఆ వీధుల్లో పిల్లలను కూడగట్టి మొదలుపెట్టిన ఆట అది. ఆటలో ఒక తప్పుకు మనిషిని చంపిన ఊళ్లో, తప్పును మాటతో సరిదిద్దే ఆట పుట్టింది. స్లమ్ సాకర్‌కు 2016లో ఫిఫా డైవర్సిటీ అవార్డు వచ్చింది కూడా.

పన్నెండేళ్ల లోపు పిల్లలకు చంద్రపూర్‌లో ఇదే సరైన ఆట. ఆ వయసు వాళ్లను పెద్ద మైదానంలో, ఆఫ్‌సైడ్‌తో, నాకౌట్‌లో ఆడించడం పెద్దవాళ్ల సరదాయే తప్ప పిల్లల అవసరం కాదు. దీనికి ఉదాహరణ కోసం కొలంబియా దాకా పోవాల్సిన పని కూడా లేదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిపించి, 1951, 1962 ఆసియా క్రీడల్లో దేశానికి బంగారు పతకాలు తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం అసలు వృత్తి పంతులుగిరీ. కుర్రాళ్ల కోసం ఆయన డ్రిబ్లింగ్ లేకుండా ఆడే పోటీలు, బలం తక్కువ కాలితోనే తన్నాలన్న పోటీలు పెట్టాడు. నేర్చుకునే వయసులో నియమాలను పిల్లవాడి కొలతకు కుదించాలని ఆయనకు డెబ్బయ్యేళ్ల కిందటే తెలుసు.

ఫుట్‌బాల్-3 అన్ని రోగాలకూ మందు కాదు. పదిహేడేళ్ల కుర్రాళ్లు మార్కుల కోసం, విభాగ స్థాయి బెర్తు కోసం ఆడుతున్నప్పుడు చెట్టు కింద కూర్చుని మాట్లాడుకుందాం అంటే కుదరదు. అక్కడ రిఫరీ కావాల్సిందే. చదువుకున్న రిఫరీ, డబ్బు తీసుకునే రిఫరీ, బయటి ఊరి రిఫరీ. అతను ఎక్కడ దొరుకుతాడు? అండర్-19 దాటగానే స్కూలు ఫుట్‌బాల్ నుంచి బయటపడే కుర్రాళ్లలో, అమ్మాయిల్లో. పెద్ద క్లబ్బు పిలవదు, ఆట మానబుద్ధి కాదు. ఆటలోనే ఉండిపోవడానికి వాళ్లకున్న మర్యాదైన దారి ఈల. ఇంగ్లండ్‌లో 14 ఏళ్లకే రిఫరీ కోర్సులో చేరవచ్చు. కొన్ని కౌంటీల్లో పద్దెనిమిది నిండని రిఫరీ చేతికి రంగు పట్టీ కడతారు, వీడూ పిల్లవాడే, నోరు అదుపులో పెట్టుకోండి అని గీత బయటి వాళ్లకు చెప్పకనే చెప్పడానికి.

ఆ దారి ఎక్కడిదాకా పోతుందో చూపించడానికీ మనవాళ్లే ఉన్నారు. రహీం కొడుకు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉండి కూడా ఒక్క మ్యాచ్ ఆడలేదు. తర్వాత ఈల పట్టి ఫిఫా రిఫరీ అయ్యాడు, 1988 ఆసియా కప్‌లో మ్యాచ్‌లు నడిపించాడు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకుని, 2021లో కన్నుమూశాడు. భారత జట్టు ప్రపంచకప్‌కు వెళ్లలేకపోయినా తమిళనాడుకు చెందిన కోమలీశ్వరన్ శంకర్ 2002 ప్రపంచకప్‌లో అసిస్టెంట్ రిఫరీగా జెండా పట్టాడు. గోవా అమ్మాయి ఉవేనా ఫెర్నాండెస్ 2016లో జోర్డాన్‌లో జరిగిన అండర్-17 మహిళల ప్రపంచకప్‌లో అసిస్టెంట్ రిఫరీ. ఫుట్‌బాల్‌లో పెద్దవాళ్ల ప్రపంచకప్ చేరడానికి భారతీయులకు ఇప్పటిదాకా పనిచేసిన దారి ఇదే అంటే కాస్త వెటకారంగా ఉంటుంది గానీ, అబద్ధం కాదు.

తిట్లను అదుపు చెయ్యడానికీ కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. రిఫరీతో వాదించిన ఆటగాడిని పది నిమిషాలు బయట కూర్చోబెట్టే పద్ధతిని పిల్లల ఫుట్‌బాల్‌లో వాడుకోవడానికి నియమావళే అనుమతిస్తోంది. ఇంగ్లండ్‌లో 31 లీగుల్లో ముందుగా ప్రయోగించి చూస్తే వాదనలు 38 శాతం తగ్గాయి. దాంతో 2019-20 సీజన్ నుంచి కింది స్థాయి ఫుట్‌బాల్ అంతటా అమలు చేశారు. 2024 యూరో కప్‌లో కెప్టెన్ తప్ప ఇంకెవరూ రిఫరీ దగ్గరికి వెళ్లకూడదన్నారు. ఇవి రెండూ మన తాలూకా మైదానంలో రేపటి నుంచే పెట్టుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. తండ్రులకు వర్తించే నియమం ఒకటి అదనంగా కావాలి: గీతకు పది అడుగుల దూరంలో తాడు కట్టి, తాడు దాటి వచ్చిన పెద్దమనిషి పిల్లవాడి జట్టుకే ఎదురు ఫ్రీకిక్ ఇవ్వాలన్నది ఈ రచయిత కోరిక. అది నియమావళికి ఒప్పదని తెలుసు. తాడు మాత్రం ఒప్పుతుంది.

డబ్బు లేదన్న మాట చంద్రపూర్ చెప్పడానికి వీల్లేదు. బొగ్గు గనులు, 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం, పేపర్ మిల్లు ఉన్న జిల్లా ఇది. 2018 మేలో ఈ జిల్లా ఆశ్రమ పాఠశాలల విద్యార్థులు పదిమంది ఎవరెస్టు యాత్రకు వెళ్తే ఐదుగురు శిఖరం ఎక్కి వచ్చారు. ప్రభుత్వం నెలల తరబడి శిక్షణ ఇప్పించి, ఖర్చు పెట్టి చేయించిన పని అది. అంత సాహసం నడిపించగలిగిన యంత్రాంగానికి 15 తాలూకాల నుంచి ఇద్దరేసి చొప్పున ముప్పై మందిని ఏరి, ఎండాకాలం సెలవుల్లో వాళ్లకు అర్థమయ్యే మరాఠీలో, తెలుగులో, గోండీలో పదిహేడు సూత్రాలూ చెప్పించి, వానాకాలానికి మైదానంలో నిలబెట్టడం పెద్ద పనేమీ కాదు. వాళ్లలో సగం మంది అమ్మాయిలైతే ఇంకా మంచిది. మ్యాచ్‌కు ఇంత అని ముందే చెప్పి, ఆ సాయంత్రమే చేతికి ఇవ్వాలి. ‘బిల్లు పెట్టాం, వస్తుంది’ అన్న మాట మీద ఏ కుర్రాడూ రెండో ఏడు రాడు.

జిల్లా క్రీడాధికారి కార్యాలయం నుంచి పోటీల డ్రా కాగితం స్కూళ్లకు వెళుతుంది. ఏ జట్టుకు ఏ జట్టు, ఏ రోజు, ఎన్నింటికి, ఏ మైదానం అన్నవి ఆ కాగితంలో గళ్లు కట్టి ఉంటాయి. పక్కన ఇంకో మూడు గళ్లు గీసి, రిఫరీ పేరు, అతని తాలూకా, ఇద్దరు అసిస్టెంట్ల పేర్లు ముందుగానే అచ్చు వేయించాలి. ఆ గళ్లు నిండని మ్యాచ్‌ను నాకౌట్ లెక్కలోకి, మార్కుల లెక్కలోకి తీసుకోకూడదు.